మల్లి పుట్టువెంట్రుకలు

జుట్టు రాలని కుక్క లోకంలో లేదు. రాలిన జుట్టు కింద పడని కుక్క ఉంది. ఉంగరాల జుట్టు కుక్క అంటే అదే. దాని ఒంటి మీద రాలిన వెంట్రుక నేల మీదికి రాదు, పక్క ఉంగరంలో ఇరుక్కుని అక్కడే కాపురం పెడుతుంది. దాని మీదికి ఇంకొకటి వచ్చి చేరుతుంది. కొన్నాళ్ళకి అది ఉండ అవుతుంది, ఇంకొన్నాళ్ళకి అట్ట కడుతుంది. ఈ రెండు ముక్కలూ తెలుసుకోవడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. మీకు ఊరికే చెప్పేస్తున్నాను, తీసుకోండి.

ఈమధ్య తెనాలిలో ఈ పని నేర్చుకుంటామని కుర్రాళ్ళూ అమ్మాయిలూ నా దగ్గరికి వస్తున్నారు. అందరూ ఫోన్లో వీడియోలు చూసి వచ్చేవాళ్ళే. ఆ వీడియోల్లో కుక్క బల్ల మీద బొమ్మలా నిలబడి ఉంటుంది, వెనక పాట వస్తూ ఉంటుంది. నా పనిలో బొమ్మలా నిలబడ్డ కుక్క నాకు ఒకటే కనిపించింది. అదెందుకు అలా నిలబడిందో బాపట్ల దగ్గరికి వచ్చాక చెప్తాను. వీడియో చూసి వచ్చేవాళ్ళకి అసలు సంగతి ముందే తెలియాలనే ఇది రాస్తున్నాను.

శేషగిరి గారి దగ్గర

నా పేరు మస్తాన్. మా నాన్న తెనాలిలో దూది ఏకి పరుపులు కుట్టేవాడు. పాత పరుపు విప్పితే లోపల దూది ఉండలు కట్టి ఉంటుంది. దాన్ని పట్టుకుని లాగితే పని చెడుతుంది. చివర నుంచి మొదలుపెట్టి, వేళ్ళతో కొంచెం కొంచెం విప్పుకుంటూ రావాలి. నాకు వచ్చిన చదువు అదొక్కటే. ఫోమ్ పరుపులు వచ్చి మా పని మూలపడ్డాక, కుక్కపిల్లలు అమ్మే శేషగిరి గారు పిలిచి పనిలో పెట్టుకున్నారు. "దూదైతే ఏంటి, బొచ్చైతే ఏంటి మస్తానూ, రెండూ నోరెత్తవు" అన్నారు. మొదటి రోజే ఒక కుక్క నా మణికట్టు కొరికి, నోరెత్తుతానని తేల్చి చెప్పింది.

శేషగిరి గారు మంచివారే. కాకపోతే అమ్మకం దగ్గర ఆయన నాలుకకి అడ్డూ అదుపూ ఉండేది కాదు. ఉంగరాల జుట్టు పిల్లని ఒళ్ళో పెట్టుకుని, "దీని జుట్టు రాలదండి. దువ్వక్కర్లేదండి. కత్తిరించక్కర్లేదండి. అసలు ఇంట్లో కుక్క ఉన్నట్టే మీకు తెలియదండి" అనేవారు.

"తెలియకపోతే మరి కొనడం దేనికండీ?" అని ఒకాయన అడిగాడు.

"అదేనండి దీని గొప్ప" అన్నారు శేషగిరి గారు, కొంచెం కూడా తడబడకుండా. ఆయన కొనుక్కుని వెళ్ళాడు కూడా.

ఆ షాపులో పని అంటే పైపై మెరుగులే. స్నానం చేయించడం, గాలి మిషను పెట్టడం, పైన బ్రష్ తిప్పడం, సెంటు కొట్టి చెవికి రిబ్బను కట్టడం. పైకి పీచుమిఠాయిలా ఉండేది. వేలు లోపలికి దూరిస్తే గోనెపట్టా తగిలేది. లోపల కూడా దువ్వాలండీ అంటే, "లోపల ఎవరు చూస్తారయ్యా?" అనేవారు. కుక్క చూసుకుంటుంది కదండీ అంటే నవ్వి, నా చేతికి రిబ్బను ఇచ్చేవారు.

అన్నిటికన్నా పెద్ద పొరపాటు, చిక్కు తీయకుండా నీళ్ళు పోయడం. తడిసిన చిక్కు ఆరేటప్పుడు బిగుసుకుంటుంది. కొలకలూరు నుంచి ఒక రైతు తన కుక్కని తెచ్చి వదిలి బజారు పనికి వెళ్ళాడు. శేషగిరి గారు స్వయంగా దానికి తలంటు పోసి గాలి మిషను పెట్టారు. ఆరేకొద్దీ కుక్కకి తన జుట్టే ఇరుకవడం మొదలైంది. చిన్నప్పటి చొక్కా బలవంతంగా తొడిగినట్టు చెవులు వెనక్కి వెళ్ళిపోయాయి, కనుబొమలు నెత్తి మీదికి ఎక్కాయి. రైతు తిరిగొచ్చి కాసేపు తేరిపార చూశాడు.

"ఇది ఎందుకండీ ఇంత ఆశ్చర్యపోతోంది?" అన్నాడు.

ఆ రోజు మధ్యాహ్నమంతా కూర్చుని ఆ ఆశ్చర్యాన్ని జుట్టు కత్తిరించే మిషనుతో తీసేశాను. కాబట్టి ముందు దువ్వెన, తర్వాతే నీళ్ళు. జుట్టుని పాపిడి తీసినట్టు విడదీసి, చర్మం కనిపించాక దువ్వండి. వెంట్రుక మొదలు రెండు వేళ్ళతో పట్టుకుని చివర నుంచి విప్పుకుంటూ రండి, లాగిన బాధ చర్మానికి తెలియదు. చెవుల వెనక, చంకల్లో, మెడ పట్టీ కింద, తోక మొదట్లో చూడకుండా అయిపోయిందనకండి. దువ్వెన దిగని చోట మాత్రం పంతానికి పోవద్దు, మిషను పెట్టి తీసేయండి. మీ పనితనం చూపించుకోడానికి కుక్కని ఏడిపిస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

బాపట్లలో గంజి

తర్వాత నేను సొంతంగా ఒక గది తీసుకున్నాను. కదల్లేని కుక్కలుంటే ఇళ్ళకి కూడా వెళ్ళేవాణ్ణి. ఒకరోజు బాపట్ల నుంచి ఒకావిడ ఫోన్ చేసింది.

"అన్నా, మా లడ్డూ వంగట్లేదు."

"వంగకపోవడం ఏంటమ్మా?"

"కూర్చోదు, పడుకోదు. పొద్దుట్నుంచి నిలబడే ఉంది."

వెళ్ళేసరికి హాలు మధ్యలో లడ్డూ నాలుగు కాళ్ళు బిగదన్ని, తోక పైకెత్తి నిలబడి ఉంది. కళ్ళు మాత్రం తిప్పుతోంది. వేలితో వీపు మీద కొడితే టకటకమంది. ఫోన్ చేసినావిడ అత్తగారు పక్కనే నిలబడి ఉన్నారు. వాళ్ళది చీరాలలో మగ్గాల ఇల్లు, బాపట్లలో చీరల కొట్టు పెట్టుకున్నారు.

"చిక్కు పడిందని మేమే బాగుచేశామండి" అన్నారు పెద్దావిడ కాస్త గర్వంగానే.

వాళ్ళింట్లో మగ్గం మీదికి ఎక్కించే ముందు నిలువు దారాల్ని వీధి పొడుగునా సాగదీసి కట్టి, గంజి పట్టించి, పెద్ద కుంచెతో దువ్వుతారు. దాంతో ఏ పోగుకి ఆ పోగు విడిపోతుంది. లడ్డూని కూడా వీధిలో నిలబెట్టి ముందు ఒకరు, వెనక ఒకరు పట్టుకున్నారట. బియ్యపు గంజి పట్టించి, అటక మీది పాత కుంచె దింపి దువ్వారు. నిజం చెప్పాలి కదా, విడిపోయింది. పెద్దావిడ చెయ్యి ఎటు నుంచి ఎటు నడిచిందో జుట్టు చూస్తే తెలిసింది, శేషగిరి గారు జన్మలో అలా దువ్వలేదు. ఆ తర్వాత ఎండ వచ్చింది.

"గంజి ఎందుకు పెట్టారండీ?" అన్నాను.

"గంజి లేకుండా దువ్వితే పోగు తెగదూ?" అని ఆవిడ నన్నే వింతగా చూశారు. "నేశాక ఉతికితే పోతుంది కదండీ."

"దీన్ని నేయరు కదండీ."

ఆవిడ కొంగు దోపుకుని లడ్డూ వెనక వైపు పట్టుకున్నారు. లడ్డూని బల్లలా ఇద్దరం ఎత్తుకుని పెరట్లోకి మోసుకెళ్తుంటే, పక్కింటి మేక గంజి వాసనకి వెంటపడి దాని తోక నాకడం మొదలుపెట్టింది. గోరువెచ్చటి నీళ్ళతో నానబెట్టి గంజి వదిలించాం. మొదటిసారి మోకాలు వంగినప్పుడు లడ్డూ తన కాలి వంక తానే చూసుకుంది. ఆ ఇంట్లో ఎవరూ బద్ధకస్తులు కాదు, ప్రేమ లేనివాళ్ళూ కాదు. బాగా వచ్చిన పనే చేశారు, కుక్క మీద చేశారు, అంతే. ఎవర్నయినా తిట్టబోయే ముందు ఆ ఇంటి పద్ధతి ఏంటో ఒకసారి అడగండి. నేను ఇది నేర్చుకోకపోయి ఉంటే రేపల్లెలో గుమ్మం దగ్గర్నుంచే వెనక్కి వచ్చేసేవాణ్ణి.

రేపల్లెలో మొక్కు

పాపారావు గారు రేపల్లెలో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. ఆయన భార్య సుబ్బాయమ్మ గారు. శేషగిరి గారి షాపులో ఉన్న రోజుల్లో వాళ్ళ కుక్కపిల్ల మల్లిని బుట్టలో పెట్టుకుని రేపల్లె ప్యాసింజర్‌లో తీసుకెళ్ళి ఇచ్చింది నేనే. రెండేళ్ళ తర్వాత మాస్టారు నాకు ఫోన్ చేశారు. గొంతు బాగా తగ్గించి మాట్లాడారు.

"మస్తానూ, మల్లి నడవట్లేదు. మా ఆవిడ కత్తెర చూస్తే ఊరుకోదు. ఊరికే చూసిపోదామని వచ్చినట్టు రావయ్యా."

వెళ్ళాను. వరండాలో పాత పరుపు ముక్క ఏదో పడుందనుకుని దాటబోతే, అది తోక ఊపింది. కూర్చుని ఒళ్ళంతా తడిమి చూశాను. ఎక్కడా వేలు దూరలేదు. ముందు కాలు చంక దగ్గర అట్ట కట్టి ఛాతీకి అతుక్కుపోయింది, పాదం వాచింది, లోపల నుంచి వాసన వస్తోంది. కింద చర్మం చిట్లిందన్నమాట. ఇంకొన్నాళ్ళు అలాగే ఉంటే ఆ కాలు దక్కదు.

సంచిలో చెయ్యి పెట్టానో లేదో సుబ్బాయమ్మ గారు వచ్చేశారు. "దువ్వెన బయటికి తీయకు అబ్బాయ్. ఆ జుట్టు మనది కాదు."

"ఎవరిదండీ?"

"దేవుడిది."

అంతకుముందు ఏడాది మాస్టారికి గుండె ఆపరేషన్ అయింది. ఆస్పత్రి వరండాలో నిలబడి ఆవిడ, ఆయన లేచి నడిస్తే ఇంట్లో ఉన్న జుట్టంతా ఇచ్చుకుంటానని వాళ్ళ ఇలవేల్పుకి మొక్కుకున్నారు. ఆయన లేచారు, నడిచారు. ఆ దేవుడి కొండకి వెళ్ళి ఆవిడ ఇచ్చారు, ఇద్దరు కొడుకులూ ఇచ్చారు, మాస్టారు కూడా చెవుల మీద మిగిలిన నాలుగూ ఇచ్చారు. ఇంటికొచ్చి తలుపు తీయగానే మల్లి ఎదురు పరిగెత్తుకొచ్చింది.

"నా గుండె గుభేలుమందయ్యా" అన్నారు సుబ్బాయమ్మ గారు. "మా నలుగురి జుట్టూ కలిపినా దాని తోకకి సరిపోదు. ఇంట్లో అసలు జుట్టున్నది దానికే కదా!"

తర్వాత మల్లికి పసిపిల్లల టోపీ పెట్టి, శాలువా చుట్టి, ఒళ్ళో పెట్టుకుని మళ్ళీ కొండకి వెళ్ళారు. వరసలో పక్కనున్నావిడ పాపకి ఎన్నో నెల అని అడిగితే మల్లి ఆవిడ ముఖం నాకింది. "ముద్దొస్తోందండి, పళ్ళు కూడా వచ్చేశాయే" అందట ఆవిడ. ఇంకాస్త ముందుకెళ్ళి కత్తి చూడగానే పాప మొరిగింది. అక్కడివాళ్ళు మర్యాదగానే వెనక్కి పంపేశారు. అప్పటి నుంచి ఇంట్లో దువ్వెన నిషేధం. దువ్వితే ఊడే వెంట్రుక కూడా దేవుడిదేనని. దానంతట అది ఊడిన పోచల్ని ఆవిడ బిస్కెట్ల డబ్బాలో దాస్తున్నారు.

"అమ్మగారూ, దీని కాలు పోతుందండి" అన్నాను.

"నాకు తెలీదనుకున్నావా? రోజూ కొబ్బరినూనె రాసి దాని పక్కనే కూర్చుని ఏడుస్తున్నా. జుట్టు తీసేస్తే రేపు ఆయనకేమన్నా అయితే? అప్పుడు నేనెవర్ని అడగాలి?" అని ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

నాకు నవ్వు రాలేదు. అక్కడిదాకా నవ్వొచ్చిన మాట నిజమే. ఆ ప్రశ్న విన్నాక పోయింది.

అప్పుడు కుర్చీలోంచి మాస్టారు మాట్లాడారు. "డాక్టరు నన్ను రోజూ నడవమన్నాడు. పొద్దున్నే మల్లిని తీసుకుని స్టేషన్ దాకా వెళ్ళొచ్చేవాణ్ణి. అది నడవడం మానేసింది, నేనూ మానేశాను. నేను గేటు దాటగా నువ్వెప్పుడు చూశావే? నేను లేచి నడవాలని మొక్కావు. ఆ మొక్కే నన్ను కూర్చోబెట్టింది."

"ఆ ముక్క ముందే చెప్పొచ్చు కదండీ?"

"కుక్క తోడు లేకపోతే కాలు కదలట్లేదని చెప్పుకోమంటావా? ఊళ్ళో పిల్లలందర్నీ పరిగెత్తించినవాణ్ణి."

సుబ్బాయమ్మ గారు చాలాసేపు మల్లి వంక, మాస్టారి వంక మార్చి మార్చి చూశారు. అదను చూసి నాకు తెలిసిన ఒకే ఒక్క మంచి మాట చెప్పాను. ఒళ్ళంతా అట్ట కట్టిన కుక్కకి ఒక సుఖం ఉంది. జుట్టు పోచలు పోచలుగా రాదు, మిషను చర్మం పక్కన పెట్టి జాగ్రత్తగా తీస్తే చొక్కా విప్పినట్టు మొత్తం ఒక్క ముక్కగా వస్తుంది. "ఒక్క వెంట్రుక కింద పడదండి. మూట కట్టి మీ చేతికే ఇస్తాను, మీరే కొండకి తీసుకెళ్ళండి."

"అయితే పద్ధతిగా జరగాలి" అన్నారు ఆవిడ. "దానికి ఇవి పుట్టువెంట్రుకలు."

పీట వచ్చింది, పసుపు వచ్చింది. వేడినీళ్ళ బకెట్టు వచ్చేసరికి అడ్డం నిలబడ్డాను. తలంటు లేకుండా పుట్టువెంట్రుకలేంటని ఆవిడ, నీళ్ళు తగిలితే అట్ట బిగుసుకుంటుందని నేను. చివరికి మల్లి ముక్కు మీద ఒక్క పసుపు నీళ్ళ చుక్కతో సరిపెట్టుకున్నాం. మల్లి దాన్ని నాకేసింది. అంతా సిద్ధమయ్యాక ఆవిడ మళ్ళీ ఆగిపోయారు.

"మేనమామ ఏడీ? మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టుకుని మూడు కత్తెర్లు ఇవ్వాలి కదా. నాకు అన్నదమ్ములు లేరు. మా అబ్బాయిలిద్దరికీ పక్కింటాయన్ని బతిమాలుకున్నాం." అంతలో నా వంక చూశారు. "మల్లిని పుట్టింటి నుంచి ఎవరు తెచ్చారు?"

"నేనేనండి. బుట్టలో."

"మరింకేం, కూర్చో."

"అమ్మగారూ, నేను మస్తాన్‌నండి."

"నీ పేరు నాకు తెలీదా? పీట మీద కూర్చో."

కూర్చున్నాను. మేనమామ కొత్త బట్టలు పెట్టాలన్నారు. నా సంచిలో వాడని తువ్వాలు ఒకటి ఉంటే మల్లికి కప్పాను. చెవి కొసన ఒకటి, తోక కొసన ఒకటి, నుదుటి మీద ఒకటి, మూడు కత్తెర్లు ఇచ్చాను. తర్వాత మిషను తీశాను. బ్లేడు వేడెక్కుతోందేమోనని మాటిమాటికీ నా చేతికి ఆనించి చూసుకుంటూ, చర్మానికీ అట్టకీ మధ్య వెంట్రుకవాసి సందులోంచి మెల్లగా తీసుకెళ్ళాను. మాస్టారు తల దగ్గర నిలబడి "స్టెడీ... స్టెడీ" అంటున్నారు. అది నాకో మల్లికో తెలియలేదు, ఇద్దరం కదల్లేదు. చంక దగ్గర పట్టు వదిలినప్పుడు మల్లి పెద్ద నిట్టూర్పు విడిచింది.

మొత్తం ఊడి వచ్చింది. నాలుగు కాళ్ళకి నాలుగు కంతలు, తోకకి ఒక కంత. వరండాలో పెడితే దానంతట అది నిలబడింది. లోపల నుంచి బయటపడ్డ మల్లి గులాబీ రంగు ఎలుకంత ఉంది. ఏడాది పాటు తాను మోసినదాన్ని చూసి అది గట్టిగా మొరిగింది.

పుండు కడిగి, మందు రాసి, సాయంత్రం పశువుల డాక్టరుకి చూపించమని చెప్పాను. మల్లి వాచిన కాలు నేల మీద పెట్టి చూసింది. ఎత్తేసింది. మళ్ళీ పెట్టింది. కుంటుకుంటూ మెట్టు దిగి గేటు దాకా వెళ్ళి, వెనక్కి తిరిగి మాస్టారి వంక చూసింది.

"నా చెప్పులెక్కడే?" అన్నారు మాస్టారు.

సుబ్బాయమ్మ గారు చెప్పులు తనే తెచ్చి ఆయన కాళ్ళ ముందు పెట్టారు. ఏడుపు దాచుకోలేదు. నాకూ కళ్ళు చెమర్చాయి, మిషను తుడుస్తున్నట్టు తల వంచుకున్నాను.

మూట పట్టుకుని ఆవిడ కొండకి వెళ్ళొచ్చారు. జుట్టు తీసుకునే చోట ఒక పెద్దాయన మూట విప్పి, తిప్పి తిప్పి చూసి, "పాపకి కాళ్ళు నాలుగా అమ్మా?" అని అడిగాడట. "అవునండి, మా తమ్ముడు తీశాడు" అని ఆవిడ జవాబు. ఆయన కాసేపు ఆవిడ ముఖం చూసి, మూట కళ్ళకద్దుకుని పక్కన పెట్టుకున్నాడట.

ఇప్పుడు

ఆనాటి నుంచి ఆవిడకి నేను తమ్ముణ్ణి, నాకు ఆవిడ అక్క. మాస్టారు నన్ను బావమరిదీ అని పిలిచి, బావగారి హోదాలో నోటికొచ్చినట్టు ఆటపట్టిస్తారు. మొక్కు తీరిపోయింది కాబట్టి దువ్వెన మీద నిషేధం లేదు. అక్క రోజూ పాపిడి తీసి చర్మం కనిపించేదాకా దువ్వుతుంది. మల్లికి మళ్ళీ ఎప్పుడూ అట్ట కట్టలేదు.

నా మణికట్టు అరిగిపోయి పని మానేశాను. తెనాలిలో నా గది ఇప్పుడు వేరే ఆవిడ నడుపుతోంది, నాకన్నా బాగా చేస్తుంది. మల్లికి జుట్టు పెరిగినప్పుడల్లా రేపల్లె వెళ్ళేదీ ఆవిడే. కానీ అక్క నాకే ఫోన్ చేస్తుంది. "తమ్ముడూ, నీ మేనకోడలికి జుట్టు పెరిగింది. మూడు కత్తెర్లు ఇచ్చిపో, మిగతాది ఆ అమ్మాయి చూసుకుంటుంది."

పుట్టువెంట్రుకలు ఒక్కసారే కదక్కా అంటే వినదు.

మొన్న వెళ్ళాను. పీట మీద కూర్చుంటే మల్లి తనే వచ్చి ఒళ్ళో ఎక్కింది. మాస్టారు అప్పటికే చెప్పులు వేసుకుని గేటు దగ్గర నిలబడి, "ఏం బావమరిదీ, ఆలస్యమైతే ఎండెక్కిపోద్ది" అని కేకేస్తున్నారు. కత్తెర తీశాను. వేళ్ళు దూరాయి కానీ నొక్కడానికి మణికట్టులో సత్తువ లేదు. రెండుసార్లు ప్రయత్నించి, "నా వల్ల కావట్లేదక్కా" అన్నాను.

అక్క నా పక్కన కింద కూర్చుని, నా చెయ్యిని తన రెండు చేతులతో పట్టుకుని నొక్కింది. ఇద్దరం కలిసి మూడు కత్తెర్లూ ఇచ్చాం.